మెట్టకు తొంభై ఆరు మార్కులు

మంత్రిగారు విదేశీ పర్యటన నుంచి అందరిలాగా చాక్లెట్లు, సెంటు సీసాలు తెచ్చి ఉంటే ఈ గొడవంతా జరిగేది కాదు. ఆయన ఒక ఆలోచన తెచ్చారు.

ఆయన చూసొచ్చిన దేశంలో చలి ఎక్కువ, జనం తక్కువ. సాయంత్రమైతే తలుపులేసుకుని కూర్చోవడమే గనుక, తీరుబడిగా ఎవరెంత ఆనందంగా ఉన్నారో కొలుచుకుంటారట. అది మంత్రిగారికి తెగ నచ్చింది. ఆయన సూట్‌కేసులింకా విప్పకముందే రాష్ట్రంలో 'జీవన నాణ్యతా తులనాత్మక మండలి' వెలిసింది. దానికి ఒక భవనం, భవనానికి ఒక పూలతోట, తోటకు ఇద్దరు మాలీలు వచ్చారు. ఆ తర్వాత పని వచ్చింది.

పని చూడబోతే చాలా చిన్నది. రాష్ట్రంలో ఉన్నవి రెండే ప్రాంతాలు. ఒకటి కాలువలు పారే పల్లం. రెండోది, కాలువంటే పాఠ్యపుస్తకంలో బొమ్మగా తప్ప ఎరగని మెట్ట. ఈ రెండింటిలో ఎక్కడి బతుకు బాగుందో తేల్చాలి. బాగాలేదని తేలిన ప్రాంతానికి ఏటి నుంచి పెద్ద మంచినీటి పైపులైను వేస్తారు. ప్రభుత్వం దగ్గర ఉన్నది ఒక్క పైపులైనే.

ఇందులో తేల్చడానికేముంది, ఒకసారి అటూ ఇటూ చూస్తే చాలదా అని ఎవరికైనా అనిపిస్తుంది. మండలి అధ్యక్షుడు డాక్టర్ చిదంబరేశ్వర్ సరిగ్గా దాన్నే నిషేధించారు.

"చూసి చెప్పడం శాస్త్రం కాదు," అన్నారాయన తొలి సమావేశంలో. "మనిషి బాగున్నదీ లేనిదీ ఆ మనిషికే తెలుస్తుంది. వాడి బావికీ బిందెకీ తెలియదు. కాబట్టి మనం అడుగుతాం, చూడం. చూస్తే దృశ్య పక్షపాతం ఏర్పడుతుంది."

దృశ్య పక్షపాతం నివారించడానికి నిబంధన వచ్చింది. సర్వేకు వెళ్ళిన అధికారి ఇంటికి వీపు తిప్పి నిలబడాలి. "బాగున్నారా?" అనే ఒక్క ప్రశ్న వేయాలి. వచ్చిన జవాబుకు నూటికి ఇన్ని అని మార్కులు వేయాలి. పొరపాటున నుయ్యో గొయ్యో కంటబడే ప్రమాదం ఉంటే కళ్ళు మూసుకోవాలి.

ఈ సర్వే బాధ్యత ఉప సంచాలకుడు రామకోటి నెత్తిన పడింది. అతను పుట్టింది పల్లంలో, అల్లుడయింది మెట్టకు. ఈ సంగతి తెలుసుకున్న అధ్యక్షులవారు "ఉభయ ప్రాంత అనుబంధం కలిగిన నిష్పాక్షిక అధికారి" అని మెచ్చుకుని జీపు ఇచ్చారు.

రామకోటి అత్తగారి ఊరు నక్కలబండ. అక్కడ నీళ్ళంటే ట్యాంకరు. ట్యాంకరంటే దాని ఇష్టం. దూరాన దుమ్ము లేస్తే చాలు, చేతిలో పని చేతిలోనే వదిలేసి ఊరంతా బిందెలతో రోడ్డెక్కుతుంది. తీరా చూస్తే ఒక్కోసారి అది గొర్రెల మంద. రామకోటి భార్య నాగవేణి ఆ దుమ్ములోనే పెరిగింది. నగరానికి కాపురానికొచ్చి ఇరవై ఏళ్ళు దాటినా, పక్కింట్లో కొళాయి కారుతున్న చప్పుడు వినిపిస్తే లేచి వెళ్ళి తలుపు కొట్టి మరీ కట్టేయించి వస్తుంది. నక్కలబండకు ఇప్పుడు సర్పంచి ఆమె తమ్ముడు ఓబులేసు.

సర్వే సంగతి విని నాగవేణి ఒకే ఒక్క మాట అంది. "సూడబ్బా, ఆ పైపు మా ఊరికి రావాల. పుట్టింటోల్లు నిన్ను అల్లుడని మోసేది ఇందుకే గదా."

రామకోటికి భయమేమీ వేయలేదు. మెట్టకు వెళ్ళి బాగున్నారా అంటే బాగాలేమంటారు. పల్లానికి వెళ్ళి అడిగితే బాగున్నామంటారు. పైపు నడుచుకుంటూ నక్కలబండకు వెళ్ళిపోతుంది. అత్తవారింట్లో తనకు ఇక జీవితాంతం పీట వేసి కూర్చోబెట్టడమే.

ముందు పల్లంలోని కొత్తలంకకు వెళ్ళాడు. ఊరికి పెద్ద రైతు గంగరాజు. ఇంటి ముందు కాలువ, వెనక చేపల చెరువు, పక్కన కొబ్బరితోట. ఆయన అరుగు మీద కూర్చుని పనసతొనలు తింటున్నాడు. నిబంధన ప్రకారం రామకోటి ఇంటికి వీపు తిప్పాడు. ఎదురుగా నిండుగా పారుతున్న కాలువ కనిపించింది. నిబంధన ప్రకారం కళ్ళు మూసుకున్నాడు. ముక్కు గురించి నిబంధనల్లో ఏమీ లేదు గనుక వంటింట్లోని చేపల పులుసు వాసన మాత్రం చట్టబద్ధంగానే తగిలింది.

"బాగున్నారా?" అని అడిగాడు.

"ఏం బాగులెండి," అన్నాడు గంగరాజు, గింజ పక్కన పెడుతూ. "ఏదో అలా రోజులు నెట్టుకొత్తన్నాం. ఆయ్."

రామకోటి ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. పల్లంలో పుట్టినవాడై ఉండి ఈ సంగతి తనెలా మరిచిపోయాడో అర్థం కాలేదు. అక్కడ బాగున్నామని పైకి అనడమంటే దొంగను పిలిచి బీరువా చూపించడమే. దిష్టి తగులుతుంది. గంగరాజు భార్య లోపలి నుంచి వచ్చి మరీ వివరం చెప్పింది. కిందటేడు తమ గేదె పాలు బాగా ఇస్తోందని ఈయన ఎవరితోనో నోరు జారితే, తెల్లారేసరికి అది చెంబూ దూడా తేడా లేకుండా తన్నడం మొదలుపెట్టిందట. అప్పట్నుంచీ ఆ ఇంట్లో ఎవరూ దేన్నీ బాగుందనరు. పులుసు కూడా బాగుందనరు, మరి కాస్త వేయమంటారు.

కొత్తలంక మొత్తం అదే పాట. మూడంతస్తుల మేడ మీద నిలబడి ఒకాయన బతుకు భారంగా ఉందన్నాడు. కొత్త ట్రాక్టరు మీద కూర్చుని ఒక కుర్రాడు, ఈ జన్మకింతేనండి అన్నాడు. పల్లానికి నూటికి పదకొండు మార్కులొచ్చాయి.

అయినా రామకోటి ఆశ చంపుకోలేదు. పల్లానికి పదకొండయితే ఏం, మెట్టకు సున్నా వస్తుంది. సున్నాకంటే తక్కువ వేయవచ్చా అని ఆఫీసుకు ఫోన్ చేసి ముందుగానే కనుక్కున్నాడు.

నక్కలబండలో ఓబులేసు జీపుకు ఎదురొచ్చాడు. బావను కౌగిలించుకుని, బావ వీపు తిప్పి నిలబడటం చూసి ఆశ్చర్యపోయాడు. "ఏం బావా, యట్ల నిలబడినావు? మా మొగాలు సూడలేకనా? ఇంటికొచ్చిన అల్లుడు ఈపు సూపిస్తే మావాల్లు ఏమనుకుంటారు?" అన్నాడు. ప్రభుత్వ నిబంధన అని రామకోటి చెబితే, ప్రభుత్వం మాకెప్పుడూ ఈపే సూపిస్తాది గదా, దానికి నిబంధన యాల అని నవ్వాడు.

మొదటి ఇల్లు హనుమక్కది. ఊళ్ళో అందరికంటే పెద్ద వయసు ఆమెది. ట్యాంకరు వచ్చి చాలా రోజులయింది. ఆమె లోపలికి వెళ్ళి, బిందె వంచి, అడుగున మిగిలిన నీళ్ళు గ్లాసులోకి పోస్తున్న చప్పుడు రామకోటికి వెనక నుంచి వినిపించింది. ఆ గ్లాసు తెచ్చి అతని చేతికిచ్చింది. అతను తాగాక అడిగాడు.

"మాకేం తక్కువ నాయనా," అంది హనుమక్క. "రాజు మాదిరి ఉండాం."

తన చెవులే తనను మోసం చేస్తున్నాయనుకున్నాడు రామకోటి. రెండోసారి అడిగాడు. రెండోసారి రాజుతోపాటు మంత్రి కూడా వచ్చాడు. పక్కింటివాళ్ళు చానా బాగుండామన్నారు. ఆ పక్కవాళ్ళు దేవుడు సల్లగా సూస్తాండాడన్నారు. ఎండిన చేను గట్టున కూర్చున్న ముసలాయన, ఈ పొద్దు గాలి బాగా తోల్తాంది సారూ అని తృప్తిగా చెప్పాడు. ఆఖరికి సర్పంచి హోదాలో ఓబులేసును అడిగితే, భుజం మీది తువ్వాలు సర్దుకుని, మా ఊరికి లోటేముందని ఎదురు ప్రశ్న వేశాడు.

రామకోటి అతని చెయ్యి పట్టుకుని బండ చాటుకు లాక్కుపోయాడు.

"ఇంటికొచ్చినోని ముందర లేదనే మాట నోట్లోంచి యెట్లొస్తాది బావా?" అన్నాడు ఓబులేసు. "వొచ్చినోడు దాహంతో వొచ్చింటాడు. నీళ్ళు లేవంటే వాడు తాగేదెట్ల?"

"నేను చుట్టాన్ని కాదురా. ప్రభుత్వాన్ని."

"అయితే ఇంగా పెద్ద సుట్టం. ఐదేండ్లకొకతూరి గదా వొచ్చేది."

మెట్ట మొత్తం తిరిగినా ఇదే మర్యాద. నూటికి నూరు రావలసింది. ఒక ఊళ్ళో ఒకాయన పన్ను సలుపుతోందన్నందుకు నాలుగు తగ్గి తొంభై ఆరు వచ్చాయి.

మండలి సమావేశంలో డాక్టర్ చిదంబరేశ్వర్ ఆ రెండు అంకెలనూ పెద్ద తెర మీద వేయించి, చాలాసేపు వాటిని ప్రేమగా చూసుకున్నారు. మెట్ట ఆనందంగా ఉంది, పల్లం దుఃఖంలో ఉంది, ఇది తేలిపోయింది అన్నారు. కానీ నిజమైన శాస్త్రజ్ఞుడు ఇక్కడ ఆగడు, కారణం వెతుకుతాడు.

"పల్లంలో ఉన్నదీ, మెట్టలో లేనిదీ ఏమిటి?" అని సభను అడిగారు.

ఇదే అదను అనుకున్నాడు రామకోటి. ఇంత సూటి ప్రశ్న మళ్ళీ రాదు. లేచి నిలబడి, "నీళ్ళు సార్," అన్నాడు గట్టిగా.

"అదీ," అన్నారు అధ్యక్షులవారు. "అదే కారణం."

ఆ తర్వాత జరిగింది రామకోటి కూర్చోవడానికి కూడా వ్యవధి ఇవ్వనంత వేగంగా జరిగిపోయింది. నీటికీ ఆనందానికీ విలోమ సంబంధం ఉన్నదని తీర్మానించారు. తదనుగుణంగా పల్లం ప్రజల అభ్యున్నతి నిమిత్తం కాలువల తలుపులు మూయవలెనని, ఈ కార్యక్రమాన్ని 'జల విముక్తి' అని వ్యవహరించవలెనని ఒక ఉత్తర్వు. మెట్టను 'ఆనంద సంరక్షిత ప్రాంతం'గా ప్రకటించి, అక్కడి సహజ ఆనందం చెడకుండా బయటి నీటిని ఏ రూపంలోనూ లోపలికి అనుమతించరాదని రెండో ఉత్తర్వు. పైపు మాట దేవుడెరుగు, ఉన్న ట్యాంకరు కూడా పోయింది. నీళ్ళు అనే సమాధానం సూచించినందుకు రామకోటికి ప్రశంసా పత్రం ఇచ్చారు.

ఇంట్లో నాగవేణి అరవలేదు. అరిచి ఉంటే అతనికి కాస్త ధైర్యంగా ఉండేది. ప్రశంసా పత్రం చదివింది, మడిచింది, గోడకు వాల్చింది. సంచిలో నాలుగు చీరలు సర్దుకుంది. ట్యాంకరు లేదు గనుక ఇప్పుడు మా ఊరోల్లు గుట్ట అవతలి బోరుకు నడవాల, ఒక మనిషి ఎక్కువుంటే రెండు బిందెలు ఎక్కువొస్తాయి అని, నక్కలబండ బస్సెక్కింది.

రామకోటికి వంట రాదు. అది ఒక ఇబ్బంది. ఇంట్లో కొళాయి తిప్పినప్పుడల్లా దొంగతనం చేస్తున్నట్టు అనిపించడం రెండో ఇబ్బంది. ఇలా లాభం లేదని, అధ్యక్షులవారి దగ్గరికి వెళ్ళి, ఇంత గొప్ప సిద్ధాంతాన్ని తమరు స్వయంగా క్షేత్రంలో నిర్ధారించుకుంటే బాగుంటుందని వినయంగా ఎక్కించాడు. ఆయన ఒప్పుకున్నారు. ఆయనకంటే ముందుగా రామకోటి నక్కలబండ చేరుకుని, ఊరినంతా బండ నీడన కూర్చోబెట్టి ఏడవడం నేర్పించాడు.

నేర్పేదేముంది. వాళ్ళల్లో వాళ్ళు చెప్పుకోమంటే ధారాళంగా వచ్చేసింది. బోరు దగ్గర జుట్లు పట్టుకున్న సంగతి, చంటిదాని తలంటు పండక్కి వాయిదా వేసిన సంగతి, ఆవును చుట్టాలింటికి తోలేసిన సంగతి. హనుమక్క చెబుతుంటే రామకోటికి కళ్ళు చెమ్మగిల్లాయి. ఇదే, ఇలాగే, ఆయన ముందు కూడా ఇలాగే అని ఆమెకు దండం పెట్టాడు. ఆమె సరేనంది. నాగవేణి ఒకసారి మొగుడి వైపు మెచ్చుకోలుగా కూడా చూసింది.

డాక్టర్ చిదంబరేశ్వర్ మిట్టమధ్యాహ్నం దిగారు. చల్లటి కారులోంచి కాలు బయట పెట్టగానే ఎండ ఆయన నెత్తిన మొట్టింది. అయినా నిబంధన మరవకుండా హనుమక్క గుడిసెకు వీపు తిప్పారు. ప్రశ్న అడగబోయారు. గొంతు పట్టేసి దగ్గు వచ్చింది. డ్రైవరు వంక చూస్తే సీసాలో నీళ్ళు అయిపోయాయన్నాడు.

హనుమక్క అప్పటికే లోపలికి వెళ్ళింది. తెల్లవారకముందే బయల్దేరి గుట్ట ఎక్కి దిగి, మళ్ళీ ఎక్కి దిగి తెచ్చుకున్న బిందెలోంచి చెంబు నిండా ముంచి తెచ్చింది. ఆయన సగం తాగారు. ప్రాణం లేచొచ్చింది. మిగతా సగం కాళ్ళ మీద పోసుకుని, బూట్ల దుమ్ము కడుక్కున్నారు. ఆ నీళ్ళు మట్టిలోకి ఇంకిపోతుంటే ఊరంతా ఊపిరి బిగబట్టి చూసింది.

"ఇప్పుడు చెప్పమ్మా. బాగున్నారా?"

రామకోటి హనుమక్క కళ్ళలోకి చూశాడు. ఆమె నోరు తెరిచింది. పెదవులు కదిలాయి. ఆయన తడి కాళ్ళ వంక చూసింది.

"మాకేం తక్కువ నాయనా," అంది. "సాలకపోతే ఇంగో సెంబు తెస్తా."

ఆ తర్వాత ఎవరినడిగినా అంతే. రామకోటి చివరి ఆశగా నాగవేణి వైపు చూశాడు. నగరంలో బతికిన మనిషి, చదువుకున్న మనిషి, కోపంగా ఉన్న మనిషి. అధ్యక్షులవారు ఆమెను అడిగారు. ఆమె గుక్క తిప్పుకుని ముందుకొచ్చి, ఆయన ముఖానికి పట్టిన చెమట చూసి, "బాగుండాం సార్, లోపల కూసోండి," అంది. అనేసి నాలుక కరుచుకుంది. మళ్ళీ మొగుడి కళ్ళలోకి చూడలేదు.

మెట్టకు తొంభై తొమ్మిది మార్కులొచ్చాయి. పన్ను నొప్పి తగ్గిందట.

ఇక పల్లంలో జల విముక్తి జోరుగా సాగింది. కాలువలు ఎండాయి. చెరువులో చేపలు ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి. కొబ్బరిచెట్లు తలలు వేలాడేశాయి. బాగాలేదు అన్నందుకే నీళ్ళు పోయాయని ఊరికి అర్థమయింది. మళ్ళీ బాగాలేదంటే ఇంకేం పోతాయో ఎవరికి తెలుసు? గంగరాజు మండలి ఆఫీసుకొచ్చి, రామకోటి బల్ల ముందు కూలబడి, చెమట తుడుచుకున్నాడు.

"ఇప్పుడు నిజంగానే బాగోలేదండి," అన్నాడు మెల్లగా, తలుపు వైపు చూస్తూ. "అదే మాట పైకంటే ఏం కొంపలంటుకుంటాయో అని భయంగా ఉందండి. బాగుందందామంటే మాకు నోరు రాదు. ఏం చేయమంటారండి?"

 కొత్తలంకవాళ్ళే ఉపాయం కనిపెట్టుకున్నారు. రెండో సర్వేకు మండలి మనుషులు వెళ్ళేసరికి ప్రతి ఇంటి ముందూ మగవాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. వాళ్ళ వెనక ఆడవాళ్ళు గుప్పిట్లో ఉప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. ప్రశ్న పడగానే మొగుడు కళ్ళు గట్టిగా మూసుకుని "బాగున్నామండి" అనడం, పెళ్ళాం గిరగిరా దిష్టి తీసి నిప్పుల్లో పడేయడం. ఆ మిరపకాయల ఘాటుకు సర్వేవాళ్ళు దగ్గుతూ తొంభై మార్కులు వేసుకుని బయటపడ్డారు.

నీళ్ళు తగ్గాయి, ఆనందం పెరిగింది. సిద్ధాంతం రుజువైంది. డాక్టర్ చిదంబరేశ్వర్‌కు పూలదండలు పడ్డాయి. పక్క రాష్ట్రాలవాళ్ళు ఫోన్లు చేసి, మా నదిని ఎలా వదిలించుకోవాలో చెప్పమన్నారు.

ఒక్కటే చిక్కు మిగిలింది. రెండు ప్రాంతాల మధ్య అంతరం పూర్తిగా తొలగాలని మంత్రిగారు పట్టుబట్టారు. శాసనసభ మొదలయ్యేలోగా రెండు అంకెలూ సమానంగా ఉండాలి, లేకపోతే ప్రతిపక్షం ఊరుకోదు. పల్లం తొంభై దగ్గర ఆగిపోయింది. మెట్ట తొంభై తొమ్మిది. పల్లాన్ని ఇంకో తొమ్మిది మెట్లు ఎక్కించాలంటే ఇంకా నీళ్ళు తీసేయాలి. తీసేయడానికి అక్కడ నీళ్ళు లేవు.

మండలి సభ్యులు తలలు పట్టుకున్నారు. బావులు పూడ్చాలని ఒకరన్నారు. మబ్బుల విషయంలో మన అధికార పరిధి ఎంత అని ఒకరు ఆరా తీశారు. మూల కుర్చీలో కూర్చున్న రామకోటికి మాత్రం అప్పుడు దారి తోచింది. ఇన్నాళ్ళూ వాళ్ళతో మామూలు మనిషిలా మాట్లాడటమే తన తప్పు. లేచి, గొంతు సవరించుకుని, మొదటిసారి వాళ్ళ భాషలోకి దిగాడు.

"అధ్యక్షా, ఊర్ధ్వ సమీకరణ సాధ్యం కానిచోట అధోముఖ సమీకరణ ఒక్కటే శరణ్యం. మెట్టలో ఆనంద మిగులు ఉన్నది. దానిని తగ్గించవలె."

"ఎలా?" అన్నారు చిదంబరేశ్వర్, కళ్ళద్దాలు తీసి.

"తమరి సిద్ధాంతాన్నే అనుసరించి. నీళ్ళిచ్చి."

 ఒక సభ్యురాలు, పాపం, అంది. అధ్యక్షులవారు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి చాలాసేపు పూలతోటను చూశారు.

"చాలా కఠినమైన చర్య," అన్నారు చివరికి. "అమాయకులు. తట్టుకోగలరా?"

"దశలవారీగా ఇవ్వవచ్చు," అన్నాడొక సభ్యుడు.

"వద్దు. బాధ ఎలాగూ తప్పదు. ఒకేసారి ఇచ్చేద్దాం." ఆయన కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నారు. "అయితే ఒక మాట. నీళ్ళిచ్చాక కూడా ఆనందం తగ్గకపోతే సిద్ధాంతానికే మచ్చ. మరుక్షణం ఆ పైపు పీకించేస్తాను."

అలా 'ఆనంద మిగులు నియంత్రణ పైపులైను' మంజూరైంది. ప్రజలు తిరగబడవచ్చునన్న సమాచారంతో పోలీసు బందోబస్తు మధ్య గొట్టాలు పాతారు. నక్కలబండ పొలిమేరలో లాఠీలు పట్టుకుని సిద్ధంగా నిలబడ్డ పోలీసులకు, ఊరివాళ్ళు గొట్టాలు తమ భుజాల మీద మోసుకుంటూ ఎదురొచ్చారు. ఎవరిని కొట్టాలో తెలియక పోలీసులు కూడా ఒక చెయ్యి వేశారు.

నీళ్ళొచ్చిన రోజు ఊరు ఊరంతా నానింది. హనుమక్క కొళాయి కింద తల పెట్టి, ఎవరెంత పిలిచినా లేవలేదు. రామకోటికి మాత్రం ఆ రోజు నీళ్ళు గొంతు దిగలేదు. ఆఖరి సర్వే మిగిలే ఉంది. లేనప్పుడే బాగుండామన్న మనుషులు, ఇప్పుడు అన్నీ ఉండగా వచ్చిన అతిథి మొహం మీద బాగాలేమని ఎలా అంటారు? నూటికి నూరొస్తుంది. పైపు లేచిపోతుంది. ఓబులేసును కూర్చోబెట్టి కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఎవరైనా ఒక్కరు, ఒక్క మాట, బాగాలేదు అంటే చాలన్నాడు. ఓబులేసు ఏ హామీ ఇవ్వలేదు. సూద్దాం బావా అన్నాడు, తల తుడుచుకుంటూ.

డాక్టర్ చిదంబరేశ్వర్ వచ్చారు. తాము కలిగించిన కష్టాన్ని కళ్ళారా చూడలేక ఈసారి నిబంధనతో పని లేకుండానే వీపు తిప్పారు. ఊరంతా పోగయింది. రామకోటి నాగవేణి పక్కన నిలబడి, తెలియకుండానే ఆమె చెయ్యి పట్టుకున్నాడు. 

"అమ్మా," అన్నారు అధ్యక్షులవారు అపరాధ స్వరంతో. "బాగున్నారా?"

హనుమక్క కొంగు బిగించింది.

"ఏం బాగు నాయనా," అంది. "ఈ పైపొచ్చినకాడ్నుంచి నెమ్మదే లేదు. పొద్దన్నే బుస్సుమంటాది, నిద్ర పట్టదు. మా కోడలు దినామూ నీళ్ళు పోసుకుంటాంది, సోపు యాడ్నుంచి తెచ్చేది? మనవడు బడికి పోరా అంటే కొళాయి కిందికి పోతాండాడు. ఆ నీళ్ళేమో మరీ సల్లగుండాయి. అయినా ఎవురడిగినారు నాయనా మిమ్మల్ని?"

ఆమె ఇంకా ముగించకముందే పక్కావిడ అందుకుంది. వాకిలి బురదయిందని, ఆవు తిరిగొచ్చి తెగ తాగుతోందని, దానిక్కూడా కొవ్వు పట్టిందని. ఎండు చేను ముసలాయన ముందుకు తోసుకొచ్చి, గాలి ఈమధ్య తేమగా తోల్తాంది సారూ, ముందటి గాలే నయం అన్నాడు. బోరుకు పోయేటప్పుడు నలుగురం కలిసి మాట్లాడుకునేవాళ్ళం, ఇప్పుడు ఎవరింట్లో వాళ్ళది మూగ బతుకైపోయిందని ఆడవాళ్ళంతా ఒక్కసారిగా మొదలుపెట్టారు. చిదంబరేశ్వర్ మొహం వెలిగిపోయింది. పన్నెండు మార్కులు వేసుకుని, తాగడానికి కొంచెం నీళ్ళు అడిగారు. హనుమక్క బిందెడు తెచ్చి ఆయన ముందు దబ్బున దించింది. తాగు నాయనా, ఈ పీడ యట్లన్నా తగ్గనీ అంది.

కారెక్కుతూ ఆయన రామకోటి భుజం తట్టారు. మెట్ట పన్నెండుకు దిగింది, పల్లం ఇంకా తొంభైలో ఉంది, మళ్ళీ అంతరం వచ్చిపడింది గనుక పల్లం కాలువల తలుపులు రేపే ఎత్తించి వాళ్ళ మిగులు కూడా నియంత్రిస్తానని మాటిచ్చారు.

కారు దుమ్ము అణగగానే రామకోటి ఓబులేసును నిలేశాడు. ఇన్నాళ్ళూ చంపినా రాని మాట ఇప్పుడెలా వచ్చిందిరా అని అడిగాడు.

"లేనప్పుడు లేదంటే అడుక్కున్నట్ల బావా," అన్నాడు ఓబులేసు. "ఉన్నప్పుడు లేదంటే ముచ్చట."

జనం ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళారు, దారి పొడుగునా ఫిర్యాదులు చేసుకుంటూ. నాగవేణి మాత్రం కొళాయి గట్టు మీద కూర్చుని, చీర కుచ్చెళ్ళు మోకాళ్ళ దాకా లాక్కుని, ధార కింద కాళ్ళు పెట్టింది. రామకోటి వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాడు. ప్రభుత్వ హోదాలో కాదు గనుక ఎదురుగానే చూస్తూ, బాగుందా అని అడిగాడు.

"ఏం బాగు," అంది నాగవేణి. "కాళ్ళు తిమ్మిరెక్కిపోతాండాయి."

కాళ్ళు మాత్రం తీయలేదు.